చేతులు మారి వచ్చిన చిల్లర

విదేశయానం అనగానే చాలామందికి ఎత్తయిన భవనాలు, విశాలమైన రహదారులు, వెలుగులు చిమ్మే దుకాణాలు స్ఫురిస్తాయి. 2023వ సంవత్సరం సెప్టెంబరు మాసంలో మా దంపతులు చేసిన దక్షిణాఫ్రికా ప్రయాణంలో అవి కూడా తారసపడ్డాయి. అయితే మేము ఇంటికి తెచ్చుకొన్నది వేరొకటి. దానిని గూర్చి మన పత్రిక పాఠకులతో నాలుగు మాటలు పంచుకోవాలనే ఈ ప్రయత్నం.

మేము వెళ్లినది విహారానికి కాదు. మా టౌన్‌షిప్‌లోని ప్రార్థనా సంఘం నుండి ఎనిమిదిమంది బృందంగా, క్వాజులు-నాటాల్ ప్రాంతంలోని ఒక చిన్న సంఘానికి పదిహేను దినాల సువార్త పరిచర్యకై వెళ్లాము. అసలు ఆ పనికి మేము తగుదుమా అన్న సందేహం మాకు ఉండేది. అందుకు కారణం ఉంది. 2020లో మా పెద్దకుమారుడు స్వల్పకాలపు అనారోగ్యంతో మాకు దక్కకుండా పోయాడు. పదకొండు రాత్రులు ఆసుపత్రి వరండాలో మేము చేసిన ప్రార్థన ఫలించలేదు. ఆ తరువాత ఆదివార ఆరాధనకు వెళ్లడం మానలేదు, కానుక వేయడం మానలేదు. కాని ఇంటిలో ప్రతి సాయంకాలం జరిగే కుటుంబ ప్రార్థన మాత్రం ఆగిపోయింది. ముందుగా ఎవరు ఆపినారో ఇద్దరికీ గుర్తు లేదు. ఈ సంగతి సంఘంలో ఎవరికీ తెలియదు.

బృందంలో చేరమని పాస్టరుగారు అడిగినప్పుడు మేము తటపటాయించాము. అక్కడి ప్రార్థనా మందిరంలో ఇన్వర్టరు అమర్చవలసిన పని ఉన్నదని తెలిసింది. "బోధించడానికి కాకపోయినా వైరింగు చేయడానికైనా పనికివస్తాం, పదండి" అని మా శ్రీమతి అన్నది. ఆ ధైర్యంతో మూడు విమానాలు మారి డర్బన్ చేరుకొన్నాము.

విమానాశ్రయం నుండి ఉత్తర దిశగా సాగే రహదారికి కుడివైపున హిందూ మహాసముద్రం, ఎడమవైపున కొండవాలుల మీద కనుచూపు మేర చెరకు తోటలు. అనకాపల్లి పరిసరాలకు వచ్చామా అన్నంత భ్రాంతి కలిగింది. ఆ భ్రాంతికి చరిత్రలో ఒక ఆధారం లేకపోలేదు. 1860 నవంబరు 16వ తేదీన మదరాసు నుండి వచ్చిన 'ట్రూరో' అనే ఓడ మొదటి ఒప్పంద కూలీలను డర్బన్ రేవులో దింపింది. 1911 వరకు ఆ విధంగా వచ్చిన భారతీయులు 1,52,000 మందికి పైగా ఉన్నారు. వారిలో విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల తెలుగువారు అనేకులు. ఐదేళ్ల ఒప్పందం, మొదటి సంవత్సరం మగవారికి నెలకు పది షిల్లింగుల జీతం, ఆడవారికి అందులో సగం.

ఆ తోటలలోని తెలుగు క్రైస్తవులు తమకు తమ భాషలో బోధించే కాపరి కావాలని కోరుకొన్నారు. తెలుగు బాప్టిస్టు విశ్వాసులు స్వయంగా ఏర్పరచుకొన్న హోం మిషన్ సంఘం వారు ఆ మొర ఆలకించి, 1903లో నెల్లూరుకు చెందిన జాన్ రంగయ్యగారిని సకుటుంబంగా నాటాల్‌కు పంపారు. ఆయన స్టాంగర్ పట్టణానికి సమీపంలో, అప్పట్లో తేయాకు తోటలు గల కియర్స్‌నీలో నివాసం ఏర్పరచుకొన్నారు. 1903 డిసెంబరు 27న అక్కడ మొదటి భారతీయ బాప్టిస్టు సంఘం స్థాపితమయింది. 1915లో మరణించే వరకు ఆయన ఆ దేశంలోనే సేవచేశారు. మిషనరీ అంటే మన దేశానికి వచ్చే తెల్లదొర అని చిన్ననాటి నుండి ఎరిగిన మాకు, మన నెల్లూరు మనిషి సముద్రం దాటి మిషనరీగా వెళ్లాడన్న విషయం ఆశ్చర్యమూ గర్వమూ కలిగించింది.

స్టాంగర్‌కు 2006 నుండి క్వాడుకూజా అని పేరు. దాని పొరుగుననే ఉన్న గ్రౌట్‌విల్‌లో, 1960వ సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతిని పొందిన ఆల్బర్ట్ లుతూలీగారి సమాధి ఉన్నది. 1938లో మదరాసు సమీపంలోని తాంబరంలో జరిగిన అంతర్జాతీయ మిషనరీ మహాసభకు ఆయన ప్రతినిధిగా వచ్చారట. అక్కడి నుండి ఇక్కడికి, ఇక్కడి నుండి అక్కడికి మనుషులు విశ్వాసాన్ని మోసుకొని తిరుగుతూనే ఉన్నారన్నమాట. ఈ సంగతులన్నీ మేము నోటుపుస్తకంలో శ్రద్ధగా వ్రాసుకొన్నాము. కాని హృదయంలో ఏ కదలికా లేదు.

ఆ కదలిక మొదట కలిగినది ఒక అద్దె వ్యానులో. అక్కడి సామాన్య ప్రజల రాకపోకలు ఎక్కువగా మినీబస్సు టాక్సీలలోనే సాగుతాయి. పదిహేనుమంది పట్టే వ్యాను. కండక్టరు లేడు, టిక్కెట్టు లేదు. ఒకనాడు వైరు, స్విచ్చులు కొనడానికి మేమిద్దరం అటువంటి దానిలో ప్రయాణించాము. ఎక్కినవారంతా "సానిబోనాని" అని లోపలివారిని పలకరించి కూర్చుంటున్నారు. జులూ భాషలో ఆ మాటకు 'మేము మిమ్మల్ని చూస్తున్నాము' అని అర్థమట. మాకు చివరి వరుస దొరికింది. మనిషికి ఇరవై రెండు రాండ్లు. మా వద్ద చిల్లర లేక రెండు వందల నోటు ముందు వరుసకు అందించాము. అది ఒక చేతి నుండి మరొక చేతికి మారుతూ మా కంటికి కనబడకుండా పోయింది.

ఐదు నిమిషాలు గడిచాయి. పది నిమిషాలు గడిచాయి. రావలసినది నూట యాభై ఆరు రాండ్లు. మధ్యలో ఇద్దరు దిగిపోయారు. మాకు గుండె దడ మొదలయింది. అడుగుదామని లేవబోతే, "కూర్చోండి, అందరూ అలాగే ఇస్తున్నారు కదా" అని మా శ్రీమతి చేయి పట్టి ఆపింది. డ్రైవరు ప్రక్కన కూర్చున్న బడిపిల్ల ఒకతె ఒడిలో డబ్బు పరచుకొని లెక్క చూస్తున్నది. మరికొంత దూరం పోయాక ఒక వంద నోటు, ఒక యాభై నోటు, ఆరు రాండ్ల నాణేలు వరుస వెంట వరుసగా చేతులు మారి మా ఒడిలోకి వచ్చాయి. ఒక్క నాణెమూ తగ్గలేదు. వాటిని అందించినవారిలో ఒక్కరైనా వెనుదిరిగి, ఎవరికని చూడలేదు.

ఇంజనీరుగా మాకు ఇది కొత్త సంగతి కాకూడదు. మన కర్మాగారంలో షట్‌డౌన్ తీసుకొని యంత్రంలోకి దిగే ప్రతి కార్మికుడు, పర్మిట్ మీద సంతకం చేసిన మనిషిని నమ్మియే దిగుతాడు. ఆ సంతకం పెట్టినవాడు అప్పుడు అతని కంటికి కనబడడు. ముప్పది ఏళ్లు ఆ నమ్మకం మీదనే మేము పనిచేశాము. అయితే దేవుని విషయంలో మాత్రం, ఇచ్చిన నోటుకు చిల్లర ఆలస్యమైనదని లేచి నిలబడినవారము మేమే కదా అన్న తలంపు ఆ క్షణాన మనస్సులో మెదిలింది. వెంటనే మరొక తలంపు అడ్డుపడింది: పోయిన బిడ్డకు ఏ చిల్లర సరిపోతుంది? ఆ ప్రశ్నకు ఆ వ్యానులో సమాధానం దొరకలేదు.

ఆ సంవత్సరం దక్షిణాఫ్రికాలో విద్యుత్ కోతలు తీవ్రంగా ఉండేవి. ఒక్కొక్క దశ అంటే జాతీయ గ్రిడ్డు మీద సుమారు 1,000 మెగావాట్ల భారం తగ్గించడం. మేమున్న రోజులలో ఆరవ దశ కూడా అమలయింది. 2024 మార్చి తరువాత ఆ కోతలు చాలావరకు తగ్గినవి. మేము వైరింగు పూర్తిచేసినాము గాని బ్యాటరీలు సమయానికి అందలేదు. చివరి శనివారపు సాయంకాల కూటమి నడుమ దీపాలు ఆరిపోయాయి. వచ్చిన పని చేయలేకపోయామన్న సిగ్గుతో మేము ఒక మూల కూర్చున్నాము. పాట మాత్రం ఆగలేదు. ఎవరో కొవ్వొత్తి వెలిగించారు.

అప్పుడు ఎనభై ఏళ్ల అవ్వ ఒకామె తడుముకొంటూ మా వద్దకు వచ్చింది. ఆమె మాట్లాడేది ఇంగ్లీషు. ముత్తాత విశాఖపట్నం వైపు నుండి వచ్చాడని మాత్రమే ఆమెకు తెలుసు. "మా అమ్మమ్మ తెలుగులో ప్రార్థన చేసేది. ఆ మాటలు విని అరవై ఏళ్లయింది. నాకోసం తెలుగులో ప్రార్థించండి" అని అడిగింది.

కాదనడం ఎట్లా? కళ్లు మూసుకొన్నాము. "ప్రభువా" అన్న మాట దాటి గొంతు పెగలలేదు. మూడేళ్లుగా తెరవని తలుపు అది. మా శ్రీమతి కూడా మౌనంగా ఉండిపోయింది. ఆ అవ్వ కొంతసేపు చూచి, కారణం అడగకుండా, మా ఇద్దరి చేతులూ తన చేతులలోనికి తీసుకొని తానే ప్రార్థించింది. ప్రార్థన కోరి వచ్చినది ఆమె; ప్రార్థన పొందినది మేము.

తరువాత మా శ్రీమతి కుమారుని సంగతి ఆమెకు చెప్పింది. తనకును ఒక కుమారుడు అట్లాగే పోయాడని అవ్వ చెప్పింది. "ఆ మరునాడు కూడా ప్రార్థించాను. పోట్లాడటానికైనా నాకు ఆయనే కావాలి కదా!" అన్నది. వెళ్లబోతూ ఆగి, తనకు మిగిలిన ఒకే ఒక్క తెలుగు వాక్యంతో అడిగింది: "అన్నం తిన్నావా?"

ఆ మాట విన్న తరువాత కన్నీరు ఆపుకోవడం మా వల్ల కాలేదు. 1903లో నెల్లూరు నుండి పంపిన విశ్వాసం, తోటల కూలీల చేతుల మీదుగా, పేరు తెలియని ఎందరో తల్లుల చేతుల మీదుగా సాగి సాగి, నూట ఇరవై ఏళ్లకు మా ఒడిలోకి చిల్లరగా తిరిగివచ్చినట్లయింది. మేము ఇవ్వబోయినది అది, అందుకొన్నదీ అదే.

మా బిడ్డ ఎందుకు పోయాడన్న ప్రశ్నకు ఇప్పటికీ మా వద్ద సమాధానం లేదు. కాని తిరిగివచ్చిన నాటి సాయంకాలం భోజనానికి ముందు మేమిద్దరం చాప పరచుకొని కూర్చున్నాము. ఆనాడు ప్రార్థనలో అధికభాగం పోట్లాటయే. ఆ తరువాత ఆ చాప పరచని సాయంకాలం లేదు. మన టౌన్‌షిప్‌లో మావంటి ఇళ్లు, అలికిడి లేని ఇళ్లు, మరికొన్ని ఉండవచ్చు. వారు ఏ మతస్థులైనా కావచ్చు. ఈసారి ఎదురుపడినప్పుడు పెద్ద ఓదార్పు మాటలకై వెదకక, అన్నం తిన్నారా అని అడగాలని మేము నిశ్చయించుకొన్నాము.