ఆరు తీగలిచ్చి... నాలుగు తీగలు తెచ్చుకున్నాడు!

ఆదివారం ఉదయం పది గంటలు. ఉప్పల్‌ రింగురోడ్డు. వరంగల్‌ బస్సు కోసం మూటాముల్లెతో నిలబడ్డవాళ్లు, యాదగిరిగుట్టకు బయల్దేరిన కుటుంబాలు, ‘నాగోల్‌... ఎల్బీనగర్‌...’ అంటూ గొంతు చించుకునే ఆటోవాలాలు. 2023లో ప్రారంభమైన స్కైవాక్‌ మీద నుంచి చూస్తే అచ్చం జాతరే! ఆ సందడిలో ఓ కుర్రాడు భుజానికి పొడవాటి నల్లసంచీ తగిలించుకుని మెట్రో స్టేషన్‌లోకి నడిచాడు.

‘క్రికెట్‌ కిట్టా తమ్మీ?’ అడిగాడు తనిఖీ చేసే ఉద్యోగి. తర్వాతి స్టేషన్‌ పేరే స్టేడియం మరి.

‘కాదన్నా, గిటారు.’

ఎలక్ట్రిక్‌ గిటారు. మొదటి ఉద్యోగం జీతంలోంచి ఏడాదిపాటు వాయిదాలు కట్టి కొనుక్కున్నది. ఆఖరి వాయిదా కట్టి నెల కూడా కాలేదు. దాన్నిప్పుడు నాచారంలో ఒక పెద్దాయనకిచ్చి, ఆయన దగ్గరున్న పాత బేస్‌ గిటారు తెచ్చుకోవాలని ప్రయాణం. ‘కొత్తదిచ్చి పాతది తెచ్చుకునేవాణ్ని నిన్నే చూస్తున్నారా’ అని పొద్దున్నే తల్లి అక్షింతలు వేసింది కూడా.

కారణం లేకపోలేదు. రామంతాపూర్‌లో ఒక స్నేహితుడి ఇంటి డాబామీది గదిలో నలుగురు కుర్రాళ్ల బ్యాండు ఉంది. ముగ్గురు గిటారు, ఒకరు డ్రమ్స్‌. బేస్‌ వాయించేవాళ్లే లేరు. కూర, పచ్చడి, అప్పడం అన్నీ వడ్డించి అన్నం మరిచిపోయినట్టు! ఎవరో ఒకరు మారాలి. చీటీలు వేశారు. ఇతని పేరొచ్చింది.

చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉన్నా వాటి పనులు వేరు. గిటారుకు ఆరు సన్నటి తీగలు. బేస్‌కు సాధారణంగా నాలుగే, కానీ లావుపాటివి. స్వరం ఒక స్థాయి కిందికి ఉంటుంది. గిటారులో అన్నిటికంటే లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తే, బేస్‌లోది 41 సార్లే కంపిస్తుంది. చెవికంటే ముందు గుండెకు తెలిసే శబ్దమది. ఒకప్పుడు ఈ పనికి మనిషెత్తు డబుల్‌ బేస్‌ను మోసుకు తిరిగేవారు. 1951లో అమెరికాలో లియో ఫెండర్‌ దాన్ని మెడలో వేసుకునేంత చిన్నది చేసి, స్వరం తప్పకుండా మెట్లు బిగించి, ‘ప్రెసిషన్‌ బేస్‌’ అని పేరు పెట్టాడు. బీటిల్స్‌లో పాల్‌ మెకార్ట్‌నీ చేతిలో ఉండే వయొలిన్‌ ఆకారం వాద్యమూ ఆ జాతిదే. అంతదూరం ఎందుకు, 1989లో వచ్చిన ‘గీతాంజలి’ పాటలు ఒకసారి మంచి స్పీకర్లలో వినండి. గొంతు కింద ఇంకో పాట నడుస్తూ ఉంటుంది. స్వయంగా గిటారు వాయించిన ఇళయరాజాకు ఆ కింది పాట విలువ బాగా తెలుసు!

మెట్రో కదిలింది. స్టేడియం తర్వాత ఎన్‌జీఆర్‌ఐ. భూమి లోపలి కదలికల్ని చెవొగ్గి వినే శాస్త్రవేత్తలుండే చోటది. మనిషి చెవికి అందని అడుగు శబ్దాలు కూడా వాళ్లకు లెక్కే. ఆ పైది హబ్సిగూడ. అక్కడ దిగి ఉత్తరం వైపు ఆటో ఎక్కితే నాచారం.

పేరుకు పారిశ్రామికవాడే అయినా నాచారానికి పాటతో చుట్టరికముంది. ఎన్టీఆర్‌ స్టూడియో కట్టుకున్నదిక్కడే. ఇంకొంచెం అవతల లాలాగూడ. ఒకప్పుడు అక్కడి రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్‌ కుటుంబాలు ఎక్కువ. పండగొస్తే డ్యాన్సులు, వాటికి బ్యాండ్లు. షెడ్లలో సుత్తి పట్టిన చేతులే సాయంత్రానికి గిటారు పట్టేవి.

ఈ పెద్దాయన ఆ చేతుల్ని చూసి నేర్చుకున్నవారే. పగలు నాచారంలోని ఓ కార్ఖానాలో లేత్‌ మిషను, రాత్రి పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా, ఆదివారం చర్చి. విదేశీ వాద్యాలు దొరకడమే గగనమైన రోజుల్లో, 1979లో మద్రాసు వెళ్లి ఒక ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర ఈ బేస్‌ కొన్నారట. జత బంగారు గాజులు అమ్మితేగానీ డబ్బు సరిపోలేదు. ‘అవి ఎవరి గాజులో అడుగు బాబూ’ అంది వంటింట్లోంచి ఆయన భార్య.

మంచం కింద నుంచి పెట్టె లాగారు. పాత దుప్పట్లో చుట్టిన వాద్యం. చెక్క రంగు తేనెపాకంలా ముదిరింది. చెయ్యి ఆనేచోట రంగే లేదు. మెడ వెనక ఉక్కు పలక మీద ‘మేడ్‌ ఇన్‌ జపాన్‌’ అన్న అక్షరాలు. కుర్రాడు మెడను కంటికి ఎదురుగా పెట్టుకుని, వడ్రంగి బద్ద చూసినట్టు ఒక కన్ను మూసి చూశాడు.

‘కొంచెం వంగింది. లోపలి రాడ్డు తిప్పితే సర్దుకుంటది. ఒక మర మార్చిన, అది నా లేత్‌ మీద చేసిందే. తీగలు పాతయి. మిగతాదంతా కంపెనీదే’ అని అడక్కుండానే చెప్పేశారు పెద్దాయన.

పాత ఆంప్లిఫయర్‌కు వైరు పెట్టి లావు తీగ మీటాడు కుర్రాడు. గూట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. పెద్దాయన నవ్వారు గానీ, వాద్యం తన ఒళ్లోకి తీసుకోలేదు. ఎడమచేతి వేళ్లు వంగడం లేదు. బేస్‌ మీద తీగ నిడివి 34 అంగుళాలు. దూరం దూరంగా ఉండే మెట్ల మీద బలంగా అదమాలి. ఎలక్ట్రిక్‌ గిటారైతే నిడివి పాతిక అంగుళాల చిల్లర, తీగలూ మెత్తన. ఆ వేళ్లకు ఇంకా లొంగుతుంది. మార్పిడి మాట ముందు ఆయనే ఎత్తడానికి కారణం అదీ.

నిజానికి ఆ బేస్‌ మూలనపడింది వేళ్లు మొరాయించాక కాదు, అంతకు చాలా ముందే. ఆర్కెస్ట్రాల్లోకి కీబోర్డులొచ్చాయి. ఒక్క మనిషి ఎడమచేత్తోనే బేస్‌ లాగించేస్తుంటే ఇంకొకరికి భోజనం, దారి ఖర్చులు ఎవరిస్తారు?

బేరం అయిపోయినట్టే. కానీ కుర్రాడు లేవలేదు. రెండుసార్లు ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు.

‘అంకుల్‌, ఒక మాట. ఇట్లాంటి పాత జపాన్‌ బేస్‌లకు బయటి దేశాల్లో గిరాకీ ఉంది. నా గిటారుకంటే ఎక్కువే రావచ్చు. ఎంతన్నది తెలిసినవాళ్లు చూసి చెప్పాలి.’

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఈ మాట చెప్పకుండా వచ్చేస్తే అతని సొమ్మేమీ పోదు. చెప్పాక మాత్రం బేస్‌ దక్కకపోవచ్చు. పెద్దాయన చాలాసేపు బేస్‌ వంకే చూశారు.

‘కొనేటోడు వాయిస్తడా, గోడకు తగిలిస్తడా?’

‘తెల్వదంకుల్‌.’

‘నువ్వు?’

‘వచ్చే నెల ప్రోగ్రాముంది. రెండు పాటలైనా వాయించాలి.’

చివరికి లెక్క తేల్చింది ఆమే. గిటారుతోపాటు అతని చిన్న ఆంప్లిఫయర్‌ కూడా ఇవ్వాలి. పైన పదివేలు, నెలకు వెయ్యి చొప్పున. డిసెంబరులో క్రిస్మస్‌ పాటలకు బేస్‌ పట్టుకుని రావాలి. ‘రాకపోతే మా ఆయన ఊరుకుంటాడు, నేను ఊరుకోను’ అంది.

తీరా బయల్దేరబోతే ఇంకో చిక్కు. గిటారు సంచీలో బేస్‌ పట్టలేదు! జిప్పు సగంలోనే ఆగి, నాలుగు బిరడాల తల బయటికి నిలబడింది. ఆ తలకు పాత దుప్పటి చుట్టి, నాడాతో బిగించి పంపింది ఆమె. అతను గేటు దాటేసరికే లోపల ఆరు తీగల్నీ శ్రుతి చేస్తున్న చప్పుడు. ఒక తీగ ఎంతకీ కుదరడం లేదు.

హబ్సిగూడలో మెట్రో ఎక్కి, ఉప్పల్‌లో దిగి ఇంటికెళ్లేసరికి మధ్యాహ్నం రెండు. తల్లి దుప్పటి విప్పి చూసింది. రంగు పోయిన చోట వేలితో రుద్దింది.

‘సరే, తెచ్చావు. పైన ఏమైనా ఇచ్చారా?’

‘మనమే ఇవ్వాలమ్మా... నెలకు వెయ్యి.’