సుల్తాన్ గేట్ వీధిలో

ఊరి నుంచి చుట్టాలొస్తే, మెర్లయన్ చూపించాక సింగపూర్‌లో ఉంటున్న మనలో చాలామంది తీసుకెళ్లే చోటు కాంపొంగ్ గ్లామ్. అరబ్ స్ట్రీట్‌లో తివాచీలు, హాజీ లేన్‌లో గోడబొమ్మల ముందు ఫొటోలు, జమ్ జమ్‌లో ముర్తబాక్, సుల్తాన్ మసీదు బంగారు గుమ్మటం. దాంతో ఆ పేట చూసేసినట్టే. కానీ మసీదుకు నాలుగడుగుల దూరంలో, సుల్తాన్ గేట్ అనే చిన్న వీధి చివర, ఓ రెండంతస్తుల భవనం ఉంది. పేరు ఇస్తానా కాంపొంగ్ గ్లామ్. ఇస్తానా అంటే రాజభవనం. ఈ దీవికి మలయ్ సుల్తాన్ ఉన్న రోజుల్లో ఆయన కొలువు ఈ పేటలోనే. ఆ సంగతి తెలియకపోయినా ఇక్కడ బతుకు గడిచిపోతుంది. అయినా ఈ నేల మీద అన్నం తింటున్నవాళ్లం, ఇది ఎవరిదో, వాళ్ల చేతిలోంచి ఎలా జారిపోయిందో తెలుసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక్కడ యుద్ధం జరగలేదు. అంతా సంతకాల మీదే నడిచింది. ఈ దీవి కూడా తన ఏలుబడిలో ఉన్న జొహోర్ సుల్తాన్ చనిపోయాక బుగిస్ వర్గం అండతో చిన్న కొడుకు గద్దెనెక్కితే, పక్కకు తోసేసిన అన్న హుస్సేన్ షాను కంపెనీ అధికారి రాఫిల్స్ పిలిపించి సుల్తాన్‌గా గుర్తించాడు. 1819 ఫిబ్రవరి 6న ఒప్పందమైంది. ఈస్టిండియా కంపెనీ ఇక్కడ కోఠీ పెట్టుకోవచ్చు. బదులుగా సుల్తాన్‌కు ఏడాదికి 5,000 స్పానిష్ డాలర్లు, దీవిని చూసుకునే మలయ్ ప్రభువు తెమెంగొంగ్‌కు 3,000. ఐదేళ్లు తిరగ్గానే, 1824 ఆగస్టు 2న, కంపెనీ అధికారి క్రాఫర్డ్ ఇంకో కాగితం ముందు పెట్టాడు. ఈసారి దీవి మొత్తం కంపెనీకి పోయింది. సుల్తాన్‌కు దక్కింది 33,200 డాలర్లు, బతికినన్నాళ్లు నెలకు 1,300. అదే ఏడాది నార్త్ బ్రిడ్జ్ రోడ్డు కోసం రాజభవనం ఆవరణలోంచి కొంత కోసేశారు. ఇవాళ మనం బస్సు దిగి ముర్తబాక్ తినడానికి నడిచే రోడ్డు అదే.

హుస్సేన్ షా 1834లో మలక్కా వెళ్లిపోయాడు, మరుసటి ఏడాదే, 1835లో, అక్కడే కన్నుమూశాడు. ఆయన సమాధి ఉన్నది మలక్కాలోని తెంగ్‌కెరా మసీదులో. కొడుకు అలీ సమాధి కూడా మలక్కా దగ్గరి ఉంబాయిలోనే. సింగపూర్ సుల్తాన్లిద్దరికీ సింగపూర్ మట్టి దక్కలేదన్న మాట తలుచుకున్నప్పుడల్లా నాకు మనసులో కలుక్కుమంటుంది.

ఇప్పుడున్న భవనం అలీ కాలంలో, 1840 ప్రాంతంలో కట్టింది. అప్పటికే పెత్తనం తెమెంగొంగ్ కుటుంబం వైపు వాలిపోయింది. 1855 ఒప్పందంతో అలీకి సుల్తాన్ అన్న పేరు దక్కింది, జొహోర్ రాజ్యం మాత్రం తెమెంగొంగ్ ఇబ్రహీంకు పోయింది. 1890ల చివర్లో వారసుల మధ్య తగాదా కోర్టుకెక్కితే, సుల్తాన్ పదవికి హక్కుదారు ఎవరూ లేరని తీర్పొచ్చి ఆస్తి సర్కారు పరమైంది. 1904 చట్టం ఆ కుటుంబానికి అక్కడ కాపురముండే వీలు, ఏటా కొంత భరణం ఇచ్చింది. 1999లో ప్రభుత్వం పరిహారం ఏర్పాటు చేసి వాళ్లను ఖాళీ చేయించింది. 2005లో ఆ ఇల్లు మలయ్ వారసత్వ కేంద్రంగా తెరుచుకుంది.

సింగపూర్ మలయ్‌లను మరిచిపోయిందనడం న్యాయం కాదు. రాజ్యాంగం 152వ అధికరణం వాళ్లను ఈ నేల మూలవాసులుగా గుర్తించి, వాళ్ల ప్రయోజనాలు కాపాడటం ప్రభుత్వ బాధ్యత అని చెబుతుంది. జాతీయ గీతం మలయ్‌లో ఉంది. మన పిల్లలూ రోజూ బడిలో పాడేది అదే. సైనిక కవాతు ఆజ్ఞలు మలయ్‌లోనే. మన జేబులోని ప్రతి నోటు మీదా తొలి అధ్యక్షుడు యూసొఫ్ ఇషాక్ బొమ్మే. గౌరవానికి లోటు లేదు. కానీ కాంపొంగ్ గ్లామ్‌లో కూర్చుని కాంపొంగ్ గ్లామ్ వాళ్లు తమ సంగతి తాము తేల్చుకునే రోజులు మాత్రం ఆ రెండో సంతకంతోనే పోయాయి.

రాజు పోయినా పేట చాలాకాలం బతికింది. ద్వీపాల నుంచి మక్కాకు వెళ్లే యాత్రికులు ఓడ కోసం ఎదురుచూస్తూ బుస్సొరా స్ట్రీట్ ఇళ్లలో మకాం పెట్టేవారు. లిథో ప్రెస్సుల్లో మలయ్ పుస్తకాలు అచ్చయ్యేవి. 1920లలో మసీదును మళ్లీ కట్టినప్పుడు చందాలిచ్చింది జనమే. ఈసారి వెళ్తే బంగారు గుమ్మటం అడుగున నల్లటి పట్టీలా కనిపించేదాన్ని కాస్త ఆగి చూడండి. అవి గాజుసీసాల అడుగులు. డబ్బివ్వలేని బీదవాళ్లు కూడా ఆ కట్టడంలో పాలుపంచుకోవాలని వాళ్ల దగ్గర సీసాలు తీసుకుని వరసగా పేర్చారు. ఆ పేటలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఆ సీసాలే.

ఓ ప్రజ చేతిలోంచి పోయిన రాజధాని మళ్లీ వాళ్ల చేతికి రావడం సాధ్యమేనా? సాధ్యమేనని నాకు నమ్మకం కలిగించిన ఊరు అమెరికాలో ఉంది. మా పిన్ని కొడుకు టల్సాలో ఉంటాడు. వాడి దగ్గరికి వెళ్లినప్పుడు గంటకు పైగా కారు నడిపి తాలెక్వా తీసుకెళ్లాడు. జనం 16,000 పైచిలుకు. మన లెక్కలో ఓ మండల కేంద్రం. కానీ చెరొకీ జాతికి అది రాజధాని.

అక్కడి కథ కూడా సంతకంతోనే మొదలవుతుంది. 1835లో నాయకుడు జాన్ రాస్ ఒప్పుకోకపోయినా, కొద్దిమంది న్యూ ఎకోటాలో సంతకాలు పెట్టి జాతి భూమినంతా వదిలేశారు. 1838లో సైన్యం వచ్చి ఇళ్లలోంచి లాగి పడమటికి నడిపించింది. ఆ కన్నీటి బాటలో సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. మిగిలినవాళ్లు 1839లోనే తాలెక్వాలో కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. 1844లో కట్టిన వాళ్ల సుప్రీంకోర్టు భవనం ఇప్పటికీ ఉంది. 1907లో ఓక్లహోమా రాష్ట్రం ఏర్పడే నాటికి ఆ ప్రభుత్వాన్నీ దాదాపు మూసేశారు. ఆ తర్వాత అధినేతను వాషింగ్టన్‌లో నియమించేవారు. మళ్లీ తామే ఓటేసి ఎన్నుకున్నది 1971లో.

వీధుల పేర్లు ఇంగ్లీషులోనూ చెరొకీలోనూ ఉన్నాయి. నిరక్షరాస్యుడైన సెక్వోయా 1821 నాటికి ఒంటిచేత్తో తయారు చేసిన లిపి అది. ఇప్పుడు వాడుకలో ఉన్న అక్షరాలు 85. మన గుణింతంలో ఒక్కో మెట్టుకూ ఒక్కో విడి అక్షరం పెట్టినట్టుంటుంది. కొన్ని చూడటానికి ఇంగ్లీషు అక్షరాలే: డి లాంటిది ‘అ’, డబ్ల్యూ లాంటిది ‘ల’. వీధి మూలన నిలబడి ఒక బోర్డు కూడబలుక్కుంటుంటే మా వాడు ఆగివున్న కార్ల వైపు చూపించాడు. చాలా వాటికి చెరొకీ నేషన్ నంబర్ ప్లేట్లు. ఆసుపత్రి వాళ్లది, కోర్టు వాళ్లది. 2020లో వైద్య కళాశాల కూడా అక్కడే మొదలైంది. పాత కాపిటల్ భవనం ఇస్తానాలాగే మ్యూజియం అయింది. పాలన మాత్రం ఊరి శివార్లలోని కార్యాలయాల్లో రోజూ నడుస్తోంది. వాళ్ల చరిత్రలోనూ మచ్చలున్నాయి. వాళ్లలో కొందరు నల్లవాళ్లను బానిసలుగా పెట్టుకున్నారు. ఆ బానిసల వారసులకు పౌరసత్వ హక్కు ఖాయమైంది 2017లో వచ్చిన తీర్పుతోనే.

నేను ఆదిలాబాద్‌లో పెరిగినవాణ్ణి కాబట్టి తాలెక్వాలో నిలబడ్డా, ఇక్కడ సుల్తాన్ గేట్‌లో నిలబడ్డా నాకు ఉట్నూరు గుర్తొస్తుంది. గోండులు, కొలాములకు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఉన్న ఊరు అది. 1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కుమ్రం భీము ప్రాణమిచ్చాక నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన చొరవతో కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు మొదలైంది. మెస్రం వంశస్థులు కాలినడకన గోదావరి జలం తెచ్చి పూజ చేశాక అధికారులు, మంత్రులు వస్తారు. చిన్నప్పుడు నాన్నతో వెళ్లి చూశాను: అర్జీ కాగితాలు గొట్టంలా చుట్టి తలపాగాలో దోపుకుని, ఎండలో వంతు కోసం కూర్చున్న పెద్దవాళ్లు. పోడు భూమి, వాగు మీద వంతెన, బడికి పంతులు. దర్బారు గొప్ప ఆనవాయితీ, నిలవాలి. కానీ అర్జీ పెట్టుకునేవాడికీ, నిర్ణయం తీసుకునేవాడికీ మధ్య దూరం అలాగే ఉండిపోయింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభకు అధికారమిచ్చిన పెసా చట్టం 1996లోనే వచ్చింది. అది కాగితం దాటి రావాలి.

నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే ఇప్పుడది ఫోన్‌లోనూ వస్తుంది, బోర్డు మీదా రాయించొచ్చు. ఉట్నూరు బస్టాండులో, ఐటీడీఏ గేటు మీద, ఆసుపత్రి ఓపీ గది తలుపు మీద తెలుగు పక్కన ఆ అక్షరాలు రాయించడానికి కావలసింది ఓ డబ్బా రంగు, ఓ ఉత్తర్వు. ఆ ఉత్తర్వు మీద సంతకం గోండు పెద్దలు ఎన్నుకున్న మనిషిదే కావాలని నా కోరిక.