అప్పున్న ఇంటి నెల లెక్క

అప్పున్న ఇంట్లో జీతం చేతికందేలోపే అందులో కొంత ఇంకొకరి సొత్తు అయిపోయి ఉంటుంది. మిగిలినదానితోనే బియ్యం, అద్దె, పిల్లల ఫీజులు, మందులు, పండగలు గడవాలి. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి ఇళ్లకు కొదవ లేదు. 2019 సంవత్సరానికి జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం వ్యవసాయ కుటుంబాల్లో అప్పున్నవి ఆంధ్రప్రదేశ్‌లో 93 శాతం, తెలంగాణలో 91 శాతం పైచిలుకు. దేశం మొత్తమ్మీద ఇది 50 శాతం. ఒక్కో వ్యవసాయ కుటుంబం మీద సగటు అప్పు ఆంధ్రప్రదేశ్‌లో 2.45 లక్షల రూపాయలు, తెలంగాణలో 1.52 లక్షలు. పంట పెట్టుబడికి, ఆస్పత్రికి, ఆడపిల్ల పెళ్లికి, కొడుకు చదువుకి, ఇంటి కప్పుకి తెచ్చిన అప్పులే ఇందులో ఎక్కువ. జల్సా చేసి అప్పులపాలైన ఇళ్లు తక్కువ. అందుకే అప్పున్నవాళ్లకు పొదుపు గురించి సుద్దులు చెప్పేముందు వాళ్ల లెక్క ఎలా ఉంటుందో చూడాలి.

లెక్క అప్పుల చిట్టాతో మొదలవుతుంది. ఎవరికి ఎంత ఇవ్వాలో చాలా ఇళ్లలో నోటిలెక్కగా తెలుసు. ఏ అప్పు ఎంత వడ్డీ తింటోందో మాత్రం పక్కపక్కన పెట్టి చూసుకున్న ఇళ్లు అరుదు. చూడటం కష్టం కూడా, ఎందుకంటే ఒక్కో చోట వడ్డీని ఒక్కో రకంగా చెబుతారు. ఊళ్లో చేబదులు ఇచ్చినాయన ‘మూడు రూపాయల వడ్డీ’ అంటాడు. అంటే నూటికి నెలకు 3 రూపాయలు, ఏడాదికి 36 శాతం. బ్యాంకు చెప్పేది ఏడాది శాతమే. క్రెడిట్ కార్డు కాగితం మీద నెలకు 3.5 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది ఏడాదికి 42. బండికి ఫైనాన్స్ ఇచ్చే కొట్టులో ‘పన్నెండు శాతం ఫ్లాట్’ అంటారు. లక్ష రూపాయలకు మూడేళ్ల వడ్డీ 36,000 ముందే కలిపేసి, నెలకు 3,778 చొప్పున 36 వాయిదాలు వేస్తారు. నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం లక్ష మీదే పడుతుంది కాబట్టి, తగ్గే అసలు మీద లెక్కేస్తే అది 21 శాతం దాటుతుంది. రోజువారీ ఫైనాన్స్ సంగతి ఇంకా ఘోరం. పదివేల కాగితం రాయించుకుని చేతిలో 9,000 పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వెయ్యి రూపాయలే కదా అనిపించే ఆ వడ్డీ ఏడాది లెక్కన 75 శాతం పైనే. తోపుడుబండి మీద కూరలు అమ్ముకునే మనిషి దగ్గర ఇంత వడ్డీ పిండటం అన్యాయం.

అన్నిటినీ ఏడాది శాతంలోకి మార్చి ఒక కాగితం మీద రాస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఉదాహరణకు జిల్లా కేంద్రంలో ఉండే నలుగురి కుటుంబం. భర్త ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా, జీతం 24,000. భార్య ఇంట్లో జాకెట్లు కుడుతుంది. శ్రావణంలో, పెళ్లిళ్ల నెలల్లో పదివేలు వస్తే, ఆషాఢంలో ఆరువేలకు పడిపోతుంది. అద్దె 6,500. ప్రామిసరీ నోటు మీద తెచ్చిన చేబదులు లక్ష, మూడు రూపాయల వడ్డీ, నెలకు 3,000. కార్డు మీద బాకీ 40,000. బ్యాంకులో నగల తాకట్టు 80,000, ఏడాదికి 9 శాతం చొప్పున నెలకు 600. బండి వాయిదా 2,800, ఇంకో ఏడాది ఉంది. డ్వాక్రా సంఘంలో తీసుకున్న వాటాకి 2,500. కార్డుకి కనీస మొత్తం 2,000 కలిపితే నెలకు 10,900 రూపాయలు అప్పులకే పోతున్నాయి.

ఇందులో నోటుకి కట్టే మూడువేలతో అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఏడాదికి 36,000 కట్టినా లక్ష లక్షగానే ఉంటుంది. కార్డుకి కట్టే 2,000లో వడ్డీ 1,400, దాని మీద జీఎస్టీ 252 పోగా అసలులో తగ్గేది 348 రూపాయలు. అంటే ఈ ఇంట్లో నెలకు అయిదువేలకు పైగా సొమ్ము నోటు, కార్డు, తాకట్టు అనే మూడు చోట్ల ఆవిరైపోతోంది. ఆ ఇల్లాలు కూరల దగ్గర, నూనె దగ్గర ఎంత గీచిగీచి వాడినా నెలకు వెయ్యి మిగలడం గగనం. పొదుపు అనగానే వంటింటి వైపు చూడటం అలవాటైపోయింది గానీ, చూడాల్సింది మొదట వడ్డీ వైపు.

ఇలా వడ్డీల వరుస తేలాక, అన్నిటికీ కట్టాల్సిన కనీసం కడుతూ, ఆపైన మిగిలిన ప్రతి రూపాయినీ ఎక్కువ వడ్డీ తినే అప్పు మీదే వేయాలి. ఇది వినడానికి తేలిక, చేయడానికి కష్టం. మనిషి ముందుగా కట్టేది గుమ్మంలో నిలబడి అడిగేవాడికి, లేదా నలుగురిలో మాట అంటాడని భయపడేవాడికి. కార్డు వచ్చి గుమ్మంలో నిలబడదు. తాకట్టు చీటీ బీరువాలో ఉంటుంది. అందుకే చాలా ఇళ్లలో అతి ఖరీదైన అప్పే చివరిదాకా మిగిలిపోతుంది. పై ఉదాహరణలో కార్డు వాడకం ఆపేసి, కనీసం 2,000కి మరో 3,000 చేర్చి నెలకు 5,000 కడితే పది నెలల్లో ఆ బాకీ తీరిపోతుంది. తర్వాత ఆ 5,000 నోటు మీదికి మళ్లిస్తే, వడ్డీకి కట్టే మూడువేలతో కలిసి నెలకు 8,000 అవుతుంది. పదహారు నెలల్లో లక్షా తీరుతుంది. ఈలోగా బండి వాయిదాలు కూడా అయిపోతాయి కాబట్టి ఇంకొంచెం ముందే తీరవచ్చు. ఈ వరుసకు ఒక్క మినహాయింపు ఉంది. అప్పిచ్చినవాళ్లింట్లో పెళ్లో ఆపరేషనో ఉండి సొమ్ము అడిగితే, వడ్డీ తక్కువైనా సరే, ముందు వాళ్లకే ఇవ్వాలి.

చిక్కంతా నోటు దగ్గర వస్తుంది. చేబదులిచ్చినవాళ్లు చాలామంది అసలుని కొద్దికొద్దిగా తీసుకోరు, ‘ఇస్తే మొత్తం ఒక్కసారే ఇవ్వండి’ అంటారు. వడ్డీ ఆగకుండా రావడమే వాళ్లకు లాభం. ఇరవై వేలో పాతిక వేలో పోగుచేసి తీసుకెళితే కాదనేవాళ్లు తక్కువ. ఇచ్చినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయించాలి. రెవెన్యూ స్టాంపు మీద సంతకంతో ముందువైపు ఎంత బలంగా ఉంటుందో, తేదీ, ముట్టిన మొత్తం, అప్పిచ్చినవాళ్ల సంతకం ఉన్న ఆ వెనకవైపూ అంతే బలమైనది. నోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. బాకీదారు సంతకంతో చెల్లు పడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. ఇది అప్పిచ్చినవాళ్లకూ ధీమా, కట్టినవాళ్లకు రుజువు. నోటిమాటగా ఇచ్చిన సొమ్ము కోర్టులో నిలవడం కష్టం.

ఇంట్లో ఇంకా బంగారం ఉంటే దాన్ని బ్యాంకులో పెట్టి నోటు తీర్చేయడం మరో దారి. నోటు మీద నెలకు 3,000 అయ్యే వడ్డీ 9 శాతం తాకట్టులో 750కి దిగుతుంది. నెలకు 6,000 చొప్పున కట్టగలిగితే, మూడు రూపాయల వడ్డీ నోటు తీరడానికి ఇరవై నాలుగు నెలలు, తాకట్టు తీరడానికి పద్దెనిమిది నెలలు పడుతుంది. తేడా 33,000 రూపాయలకు పైనే. అయితే ఆ నగలు ఆ ఇల్లాలివి, పుట్టింటివాళ్లు పెట్టినవి. పెట్టాలా వద్దా అన్న నిర్ణయం ఆమెదే కావాలి. ఏ నెలకి విడిపిస్తారో ఆమె ముందే రాసుకోవాలి. గడువుకు వడ్డీ కట్టి తిరగరాయించుకోకపోతే నగలు వేలానికి వెళతాయి. తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ము నోటుకే పోవాలి, పండగకో ఫోనుకో మళ్లితే రెండు అప్పులవుతాయి.

ఇక నెల సంగతి. ఆదాయం హెచ్చుతగ్గులుగా ఉండే ఇంట్లో లెక్క ఎప్పుడూ తక్కువ వచ్చే నెలకు వేసుకోవాలి. పైన చెప్పిన ఇంటికి నెల 30,000 అనుకోవాలి, 34,000 కాదు. శ్రావణంలో వచ్చే ఆ అదనపు నాలుగువేలు ఖర్చుల్లో కలవకముందే అప్పుకి వెళ్లిపోవాలి.

వాయిదా తేదీలు గుర్తుండటానికి వంటింటి గోడ మీది క్యాలెండరుకు మించినది లేదు. పాలు రాని రోజున సున్నా, అరలీటరు ఎక్కువ తీసుకున్న రోజున ½, గ్యాస్ బండ మార్చిన రోజున ‘గ్యా’ అని తెలుగిళ్లలో దాని మీదే రాసుకుంటారు. ఆ గళ్లలోనే బండి వాయిదా, సంఘం మీటింగు, కార్డు తేదీ ఎర్ర ఇంకుతో రాస్తే ఇంట్లో అందరికీ కనిపిస్తాయి. మొగుడొక్కడికో పెళ్లామొక్కతికో తెలిసిన అప్పు తీరడం చాలా కష్టం. ఒకరు దాస్తే మరొకరు తెలియక ఖర్చు పెడతారు.

ఏడాదికోసారి మీదపడే ఖర్చులు నెల లెక్కని తలకిందులు చేస్తాయి. జూన్‌లో స్కూలు ఫీజులు, పుస్తకాలు. తర్వాత దసరా, ఆంధ్రలో సంక్రాంతి, మధ్యలో బీమా ప్రీమియం. ఇవేవీ చెప్పకుండా వచ్చేవి కావు. ఇద్దరు పిల్లలకు ఏడాదికి 36,000 ఫీజయితే ప్రతి నెలా 3,000 పక్కన పడాల్సిందే, లేదంటే జూన్‌లో మళ్లీ నోటు రాయక తప్పదు. అంత పక్కన పెట్టడానికి కుదరని ఇల్లు స్కూలు మార్చే సంగతి ఆలోచించడంలో తప్పు లేదు.

వంటింట్లో మిగిలేది కొద్దే అయినా కొన్ని చోట్ల మిగులుతుంది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. నలుగురికి 24 కిలోలు, ఇంచుమించు ఒక బస్తా. గృహజ్యోతి కింద అర్హులకు 200 యూనిట్ల దాకా కరెంటు బిల్లు రాదు. దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. అందుకే నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకుంటే ఎండాకాలంలో వందల్లో తేడా వస్తుంది. కిరాణా కొట్లో ఖాతా పెట్టి తెచ్చే సరుకుకి వడ్డీ కనిపించకపోవచ్చు గానీ, ధర అడిగే చనువు, ఇంకో కొట్టుకు వెళ్లే వీలు పోతాయి. కొత్త మిరపకాయలు, చింతపండు, కందిపప్పు ఎండాకాలంలో ఏడాదికి సరిపడా కొనడం లాభమే. కానీ అందుకోసం మూడు రూపాయల వడ్డీకి అప్పు తేకూడదు. ఫోను మీట నొక్కి కట్టే పదీ ఇరవై రూపాయల చిల్లర ఖర్చులు లెక్కలోకి రానే రావు. వారానికి సరిపడా నోట్లు తెచ్చి డబ్బాలో పెట్టుకుంటే అయిపోతున్నది కంటికి కనిపిస్తుంది.

కోత పెట్టకూడనివీ ఉన్నాయి. ఇబ్బంది వచ్చినప్పుడు మొదట తగ్గేది ఇల్లాలి కంచంలో కూర, ఆమె వాడే మందుబిళ్ల. పిల్లలకు గుడ్డు పెట్టి తాను పచ్చడితో సరిపెట్టుకునే తల్లులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. రక్తం తగ్గి ఆమె మంచం పడితే ఆస్పత్రి ఖర్చు ఆ ఇంటిని మళ్లీ అప్పులోకే తోస్తుంది. లెక్క కుదరకపోయినా సరే, ఆమె తిండి తగ్గకూడదు. అలాగే పోపుల డబ్బాలో దాచే ఆ కాస్త డబ్బు కూడా. అప్పు ఉండగా దాచడమేమిటని దాన్నీ వాయిదాకి ఇచ్చేస్తే, పిల్లాడికి జ్వరం వచ్చిన రాత్రి రోజువారీ ఫైనాన్స్ వాడే దిక్కు. అయిదారువేలు ఎప్పుడూ చేతికింద ఉండాలి.

ఎంత సర్దినా సరిపోని నెలలు వస్తాయి. సూక్ష్మరుణాల విషయంలో రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన హద్దు ప్రకారం ఒక కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం మించకూడదు. సగం అనేది చివరి గీత. మూడోవంతు దాటినప్పటి నుంచే ఇంట్లో ఊపిరాడదు. అలాంటప్పుడు వాయిదా ఎగ్గొట్టి మొహం చాటేయడం కంటే, తేదీకి ముందే బ్యాంకుకు వెళ్లి గడువు పెంచమని రాసివ్వడం మేలు. వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని, బెదిరించకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అది తెలియక భయంతో ఫోన్లో దొరికే అప్పుల యాప్‌ల వైపు వెళ్లినవాళ్లు చాలా నష్టపోయారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. అప్పు ఎంతదైనా ప్రాణం కంటే పెద్దది కాదు. ఇంట్లో ఎవరైనా మౌనంగా ఉంటే పక్కన కూర్చుని అడగాలి.

అప్పు తీరిన రోజు చేయాల్సిన పని ఇంకొంత ఉంటుంది. నోటు వెనక్కి తీసుకుని చింపేయాలి. బండి ఆర్‌సీ మీద ఫైనాన్స్ సంస్థ పేరు తీయించడానికి నో అబ్జెక్షన్ కాగితం అడగాలి. ఇంటి పత్రాలు పెట్టి ఉంటే బ్యాంకు వాటిని 30 రోజుల్లో తిరిగివ్వాలి. తనవల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున కట్టాలి. కార్డు బాకీని తగ్గించి ‘సెటిల్’ చేసుకుంటే ఆ మాట క్రెడిట్ రిపోర్టులో కొన్నేళ్లు ఉంటుంది. పూర్తిగా కట్టి ‘క్లోజ్డ్’ అని రాయించుకోగలిగితే అదే మంచిది. ఆ రిపోర్టును ఏడాదికోసారి ఉచితంగా తెప్పించుకోవచ్చు. ఇవన్నీ కాక ఒక్క మాట గట్టిగా పట్టుకోవాలి: నోటు ఎదురుగా కనిపించనిదే చివరి కిస్తీ చేతిలో పెట్టొద్దు.