కట్ట విప్పాలండి

నేను కోనసీమలో దిండి వైపు ఉద్యోగానికి వచ్చేనాటికి చించినాడ వంతెన లేదు. పాలకొల్లులో కాపురముండే టీచర్లు పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి రావాలి. పంటు ఆలస్యమైతే టీచర్ల శిక్షణ మీటింగూ ఆలస్యమే. నాకదే హాయి. ట్రైనింగ్ పాసై వచ్చినవాణ్ణి, నాకింకా ఎవరు నేర్పుతారులే అనుకునే వయసు.

అది అపెప్ కాలం. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో రాష్ట్రమంతా నడిచిన ప్రాథమిక విద్యా పథకం. దానికి ఆరు సూత్రాలు. చార్టు మీద నా చేత్తోనే రాశాను గానీ, ఇప్పుడు మూడే గుర్తొస్తున్నాయి: కృత్యాలు చేయించడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లల మధ్య తేడాలు గమనించడం. మిగతావి స్కెచ్ పెన్నుల వాసనతో పాటే పోయాయి. శిక్షణ ఇచ్చే ఆర్.పి.లు (రిసోర్స్ పర్సన్లు) ఆ సూత్రాల మీద గంటలకొద్దీ మాట్లాడేవారు. రిజిస్టర్లో సంతకం పెట్టి, పకోడీలు తిని ఇళ్ళకు పోయేవాళ్ళం.

ఒక మీటింగులో మాత్రం ఓ టీచరమ్మ ఉపన్యాసం మానేసి మూడో తరగతి పిల్లల్ని లోపలికి పిలిచారు. మా అందరి ముందూ పాఠం. కొబ్బరి ఈనెలు పదేసి కట్టలు కట్టించి, నలభై రెండులోంచి పదిహేడు తియ్యమన్నారు. విడిగా ఉన్నవి రెండే. పిల్లలు మొహాలు చూసుకున్నారు. ఆమె మాట సాయం చెయ్యలేదు. మాకే ఊపిరాడలేదు. చివరికి ఓ పిల్ల, “ఆయ్, కట్ట విప్పాలండి!” అంది. ‘అప్పు తెచ్చుకోవడం’ అని నేను బల్ల గుద్ది చెప్పేది అదే.

వెనక బెంచీలోంచి ఓ పెద్దాయన లేచారు. “బానే ఉందమ్మా. అయిదు తరగతులకీ నేనొక్కణ్ణే, నా బళ్ళో ఎలా?”

“వచ్చే మీటింగు మీ బళ్ళోనే పెట్టుకుందాం మాస్టారూ. ఇద్దరం కలిసి చెబుదాం,” అన్నారావిడ.

అలాగే పెట్టుకున్నాం. పెద్ద పిల్లలు కట్టలు కట్టారు, చిన్నవాళ్ళు లెక్కపెట్టారు. గోలగోలగా ఉంది. ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని భోజనాలయ్యాక కూడా వాదించుకున్నాం. టీచరమ్మ మొహం ఇప్పుడు సరిగా గుర్తు రాదు, చేతులకంటిన సుద్దపొడి మాత్రం కనిపిస్తుంది.

1996లో పథకం ముగిసింది. అదే నవంబరులో తుఫాను కోనసీమ కొబ్బరిని పడగొట్టింది. మా చార్టులు తడిసి ముద్దయ్యాయి. వాటి కోసం ఎవరూ ఏడవలేదు.

మా కోడలు కూడా టీచరే. 2020లో కరోనా రోజుల్లో టీచర్లకిచ్చే ‘నిష్ఠ’ శిక్షణ ‘దీక్ష’ యాప్‌లోకొచ్చింది. పొయ్యి మీద కూర, పక్కన ఫోనులో పాఠం. “సర్టిఫికెట్ వచ్చేసింది మావయ్యా,” అంది. పాఠాలు మంచివే, నేనూ చూశాను. కానీ ఆమె బళ్ళో ఎలా కుదిరిందని అడిగేవాళ్ళు అందులో లేరు.

ఇప్పుడు టీచర్లకు స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు పెట్టే అధికారులకు నాదొక్కటే విన్నపం. ఆ రోజు పిల్లలందరినీ ఇంటికి పంపెయ్యకండి. ఒక్క తరగతిని ఉంచి, ఎవరో ఒకరి చేత పాఠం చెప్పించండి. మరుసటి మీటింగు, కుదరదన్నవాళ్ళ బళ్ళో పెట్టండి.