ముర్రుపాల అమానత్

మా పెద్దోడు పెద్దకొడప్‌గల్‌లో, మా మాయకాలో పుట్టాడు. నా ముర్రుపాలను నానీమా పిండించి పారబోయించింది. "పసుపుగా ఉన్నాయి బేటీ, బిడ్డకు పడవు" అని శహద్ నాకించింది. మూడు రోజులు పాలకు పెట్టనివ్వలేదు. ఆమెది బద్‌నియ్యత్ కాదు, ఆమెకూ అట్లనే నేర్పారు.

సూరా బఖరా 233వ ఆయత్‌లో రెండేళ్ల పాల మాట ఉంది. ఆ లెక్క మొదటి చుక్క నుంచే కదా! తల్లిపాలలో ఎక్సోసోమ్‌లనే సన్నని సంచులుంటాయి. 30 నుంచి 150 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో దాదాపు వెయ్యోవంతు. లోపల ప్రొటీన్లు, మైక్రో ఆర్‌ఎన్‌ఏలు. పేగు గోడకు బలమిస్తాయని ప్రయోగశాలల్లో కనబడుతోంది. పిల్లల్లో ఎంత ఫాయిదానో ఇంకా తేలాలి. ముర్రుపాలలో రోగాలతో పోరాడే యాంటీబాడీలు ఎక్కువన్నది మాత్రం తేలిన మాటే. తహ్నీక్ సున్నతే, కానీ ఖజూర్ గుజ్జు చిటికెడు చాలు, అది పాలకు బదులు కాదు. ఏడాదిలోపు బిడ్డకు తేనె వద్దేవద్దు, బాట్యులిజం ఖత్రా ఉంది.

మొన్న ఫజ్ర్ వేళ నా నవాసీ పుట్టింది. చెవిలో అజాన్ అయింది, గంటలోపే పాలకు పెట్టాం. నానీమా ఇప్పుడు లేదు. ఉంటే చెయ్యి పట్టుకుని చూపించేదాన్ని: ఇది పారబోసేది కాదు నానీమా, అల్లాహ్ ఇచ్చిన అమానత్.