దేవరకొండ గడ్డిలో ఎర్రచుక్కల రెక్కలు

చిమ్మెట అనగానే మనకు పెట్టెలోని చీరకు పడ్డ రంధ్రం గుర్తుకొస్తుంది. నిజానికి బట్టను కొరికేది దాని పిల్లపురుగే. రెక్కలొచ్చిన బట్టల చిమ్మెట ఏమీ తినదు. పగటి వెలుగులో, పచ్చిక మీద ఎగిరే అందమైన చిమ్మెట కూడా ఉందని నేను తెలుసుకున్నది దేవరకొండలోనే.

గడచిన జూలైలో కొండమల్లేపల్లి మీదుగా ఆ ఊరు చేరాను. ఉదయాన్నే మా ఆతిథ్య కుటుంబంలోని పెద్దాయనతో, ఆయన మనవడితో కలసి కోట ఎక్కాను. ఏడు కొండలను కలుపుకొన్న ఆ కోట రేచర్ల పద్మనాయకుల ఏలుబడిలోనిది. తొలకరికి రాళ్ల సందుల్లో గడ్డి మోకాలెత్తు పెరిగింది. అడుగు వేయగానే తెల్లని రెక్కలు లేచి, నాలుగు బారల దూరంలో మళ్లీ గడ్డిలో వాలాయి.

"సీతాకోకచిలుక, అయ్యగారూ!" అన్నాడు పిల్లవాడు.

దగ్గరగా చూశాం. పాలమీగడ రంగు రెక్కల మీద ఎర్రచుక్కలు, వాటి నడుమ సన్నని నల్లచుక్కలు. సీతాకోకచిలుక మీసాల కొనలు గుండుసూది తలలా లావుగా ఉంటాయి. దీని మీసాలు దారపు పోగుల్లా ఉన్నాయి. వాలినప్పుడు రెక్కలను ఒంటికి చుట్టుకుంది. శాస్త్రజ్ఞులు దీనిని యుటెథీసా పుల్కెల్లా అంటారు. ఇందులో పుల్కెల్లా అన్నది 1758లో లిన్నేయస్ పెట్టిన పేరు. ఆఫ్రికాలోనూ దక్షిణ ఐరోపాలోనూ ఇది కనిపిస్తుంది.

పెద్దాయన నవ్వలేదు. "గీ జాతి పురుగే నా జనుమంత తింటున్నది అయ్యగారూ. రేపు మందు కొడ్దామనుకుంటున్న" అన్నాడు. పచ్చిరొట్ట కోసం ఎకరం జనుము వేశాడట. మందు డబ్బా అప్పుకు తెచ్చాడట.

ఈ పురుగుకు జనుము జాతి మొక్కలు ఒక ముఖ్యమైన మేత. ఆ మొక్కల్లోని చేదు విషం పశువుల కాలేయాన్ని పాడుచేయగలదు. పురుగు మాత్రం దానిని ఒంట్లో దాచుకుంటుంది. అమెరికాలోని దీని దాయాది చిమ్మెటను థామస్ ఐస్నర్ అనే శాస్త్రజ్ఞుడు పరిశీలించాడు. వలలో పడితే సాలీడు దారాలు తెంపి దానిని వదిలేస్తుందట. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ చేదును గుడ్లకు కాపుదలగా ఇస్తాయట. ఆల్ప్స్ పర్వతాల పచ్చికల్లోనూ ఎర్రచుక్కల చిమ్మెటలు పగలే ఎగురుతాయి. వాటి ఒంట్లోనూ విషమే. ఎర్రచుక్క అంటే "నన్ను ముట్టకు" అని పక్షులకు హెచ్చరిక.

దిగివచ్చి చేను చూశాం. ఆకులకు చిల్లులున్నాయి గాని మొక్క నిలువునా ఉంది, పూత మొదలైంది. "పెద్దయ్యా, దీన్ని ఎప్పుడు దున్నుతారు?" అని అడిగాను.

"వచ్చే వారమే."

"మట్టిలో కలిపే ఆకుకు చిల్లులుంటే ఏమి నష్టం?"

ఆయన కాసేపు ఆలోచించాడు. గట్టు పక్కన విత్తనానికి విడిచిన రెండు సాళ్లు చూపాడు. అక్కడ పురుగు కాయను తొలిస్తే నష్టమే. సాయంత్రం తాతామనవళ్లు ఆ సాళ్లలో పురుగులను చేతితో ఏరారు. మందు డబ్బా మూత తీయకుండానే దుకాణానికి తిరిగి వెళ్లింది.

మీ చేలో ఎర్రచుక్కల రెక్కలు లేస్తే, మందు కలిపే ముందు ఆ పంట దేనికోసమో ఒక్కసారి ఆలోచించండి.