మూడు నల్లాల ఫ్రీజరు

అమెరికాలో తెలుగువాళ్ళ గ్యారేజీలో డీప్ ఫ్రీజరు కనబడిందంటే, మూత తియ్యకుండానే లోపలేముందో చెప్పెయ్యొచ్చు. మేకమాంసం సంచులు, కోరిన కొబ్బరి, మునక్కాడ ముక్కలు, ఒలిచిన అనపగింజలు, ఏ పండక్కో మిగిలిన బొబ్బట్లు. మా ఇంట్లో మూత తీస్తే మాత్రం మూడు పొడుగాటి స్టీలు డబ్బాలు, ఒక గ్యాసు సిలిండరు, పాముల్లా చుట్టుకున్న ప్లాస్టిక్ గొట్టాలు కనబడతాయి. బయట ముందువైపు చెక్కకి వరసగా మూడు నల్లాలు. ఇంటికొచ్చినవాళ్ళు మొదట అడిగేది "ఇదేంటి?" అని. రెండోది "ఎంతయింది?" అని. మూడో ప్రశ్న ఒక్కరే అడిగారు. అది మా నాయిన. ఆ ప్రశ్న దగ్గరికి రావాలంటే మొదటి రెండిటికీ జవాబు చెప్పాలి.

నేను ఇంట్లో బీరు కాస్తాను. ఆరేళ్ళయింది మొదలుపెట్టి. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్ళలో నానబెట్టి, ఆ తియ్యటి నీళ్ళని వడగట్టి, హాప్స్ అనే చేదు పూలేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి మూతపెడితే రెండు వారాల్లో బీరవుతుంది. ఇడ్లీ పిండి పులియబెట్టడం వచ్చినవాళ్ళకి ఇందులో అర్థంకానిదేం లేదు. ఇక్కడ ఇది చట్టబద్ధమే. 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, ఒక్కరే ఉంటే 100 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా కాచుకోవచ్చు. అమ్మకూడదు, అంతే.

కాచేది ఒకసారికి 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు. సీసాల్లో పట్టాలంటే యాభై పైచిలుకు సీసాలు కావాలి. వాటిని కడగాలి, మరుగునీళ్ళో మందునీళ్ళో పోసి శుభ్రం చెయ్యాలి, నింపాలి, మూతలు బిగించాలి. ఒక ఆదివారం మొత్తం దానికే సరి. అందుకే ఈ పనిలో కాస్త ముదిరినవాళ్ళందరూ కెగ్గుల్లోకి వెళ్ళిపోతారు. ఈ కెగ్గులకి ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు పెప్సీ, కోకాకోలా సిరప్పుని హోటళ్ళకి పంపేందుకు చేసినవి. తరవాత వాళ్ళు సిరప్పుని అట్టపెట్టెల్లోని సంచుల్లో పంపడం మొదలుపెట్టేసరికి పాత డబ్బాలు మాలాంటివాళ్ళ చేతుల్లో పడ్డాయి. ఒక్కోటి సరిగ్గా 5 గ్యాలన్లు పడుతుంది.

కెగ్గుల్ని చల్లగా ఉంచాలి. వంటింటి ఫ్రిజ్జులో పెడితే పెరుగుగిన్నెకి చోటుండదు. డీప్ ఫ్రీజరైతే చవగ్గా దొరుకుతుంది, పైగా మూత పైన ఉంటుంది. చల్లగాలి బరువు కాబట్టి మూత తీసినా బావిలో నీళ్ళలా కింద నిలిచే ఉంటుంది. కాకపోతే దాని పుట్టుకే సున్నా ఫారెన్‌హీట్ కోసం, అంటే మన లెక్కలో మైనస్ 18. బీరు మైనస్ రెండున్నర, మూడు దగ్గరే గడ్డకట్టడం మొదలెడుతుంది. గడ్డకట్టించడానికి పుట్టిన పెట్టెని గడ్డకట్టించనివ్వకుండా చూడటమే ఇందులో అసలు పని.

దానికో చిన్న కంట్రోలరు దొరుకుతుంది. గోడకున్న ప్లగ్గుకి దాన్ని, దానికి ఫ్రీజరుని తగిలిస్తాం. దాని తీగ చివర ఉన్న సెన్సరు లోపల ఉంటుంది. 38 డిగ్రీల ఫారెన్‌హీట్ అని పెట్టామనుకోండి, 40 కి చేరగానే కరెంటు ఇస్తుంది, 38 కి దిగగానే తీసేస్తుంది. సెన్సరుని గాల్లో వేలాడదీస్తే మూత తీసినప్పుడల్లా కంప్రెసరు ఉలిక్కిపడి లేస్తుంది. అందుకని నేను దాన్ని కెగ్గుకి ఆనించి, పైన థర్మాకోలు ముక్క పెట్టి టేపేశాను. ఈ కంట్రోలరుకి రెండు ప్లగ్గులుంటాయి, ఒకటి చల్లబరచడానికి, ఒకటి వేడి చెయ్యడానికి. మేముండేది ఒహాయోలో. జనవరిలో గ్యారేజీ మైనస్‌లోకి పోతుంది. అప్పుడు రెండో ప్లగ్గుకున్న చిన్న హీటరు వెలుగుతుంది. ఫ్రీజరు లోపల హీటరు పెట్టుకున్న మనిషిని నేనేనని మా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

నల్లాలు బిగించడం కోసం ఫ్రీజరు గోడకి కన్నం పెట్టకూడదు. చల్లబరిచే గొట్టాలు ఆ గోడల్లోనే తిరుగుతుంటాయి, ఒక్కటి తెగినా పెట్టె పాతసామానే. అందుకని మూత ఊడదీసి, పెట్టెకీ మూతకీ మధ్య ఒక చెక్క చట్రం కూర్చోబెడతారు. కొట్లో 'రెండు బై ఆరు' అని అమ్మే చెక్క కొలిస్తే ఒకటిన్నర బై అయిదున్నరే ఉంటుంది. ఆ అయిదున్నర అంగుళాల ఎత్తు వల్ల, లోపల కంప్రెసరు ఉన్న గట్టు మీద గ్యాసు సిలిండరుకి కూడా చోటొచ్చింది. చట్రానికి మూడు కన్నాలు, మూడు నల్లాలు. కింద చల్లగా, పైన వెచ్చగా ఉంటే మొదటి గ్లాసంతా నురగే వస్తుంది కాబట్టి లోపల ఒక కంప్యూటరు ఫ్యాను తిరుగుతుంటుంది. తేమ పట్టకుండా సిలికా గుళికల డబ్బా ఒకటి. గ్యాసు 12 పి.ఎస్.ఐ. దగ్గర వారం పదిరోజులుంచితే లీటరు బీరులో సుమారు రెండున్నర లీటర్ల కార్బన్ డయాక్సైడు కరుగుతుంది. బిగింపులన్నిటి మీదా సబ్బునీళ్ళు పోసి బుడగలొస్తున్నాయేమో చూడాలి. ఆ గ్యాసు గాలికంటే బరువు, లీకయితే పెట్టె అడుగున చేరుతుంది. కాబట్టి లోపలికి వంగి తల పెట్టేముందు మూత తీసి కాసేపు ఆగడం మంచిది.

రెండో ప్రశ్నకి జవాబు: పాత ఫ్రీజరు 80 డాలర్లు, మిగతా సరంజామా అంతా కలిపి ఇంకో 500 పైన. నాలుగు శనివారాల పని.

ఇక మూడోది.

మాది నల్లగొండ వైపు ఒక పల్లె. గౌండ్లోళ్ళ ఇల్లు. మా తాత తాళ్ళు గీసేవాడు. మోకు, ముత్తాదు, నడుముకి కత్తులు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కడం. గెల కొసని రోజూ పల్చగా చెక్కితేనే కల్లు ధార ఆగకుండా లొట్టిలో పడుతుంది. ఒక్కరోజు మానేస్తే గాయం ఎండిపోతుంది. జ్వరమొచ్చినా, వానొచ్చినా ఎక్కాల్సిందే. నేను పుట్టడానికి ముందే ఒక వానాకాలం ఆయన చెట్టు మీంచి పడ్డాడు. తుంటి విరిగింది. నాకు తెలిసిన తాత కర్రతో నడిచే తాత. అప్పటికి మా నాయిన ఇంటర్ చదువుతున్నాడు. తరవాత ట్రైనింగు చేసి సర్కారు బడిలో పంతులయ్యాడు. ఆయన మోకు ముట్టలేదు. కల్లు ముట్టలేదు. ఊళ్ళో పెళ్ళిళ్ళకెళ్ళినా మండువ వైపు నడిచేవాడు కాదు. మమ్మల్ని చదివించిందంతా ఆ చెట్టు నుంచి ఎంత దూరం పంపగలడో అంత దూరం పంపడానికే.

మొన్న ఎండాకాలం అమ్మా, నాయినా అయిదు నెలలుండేట్టు వచ్చారు. వచ్చిన మూడోరోజు పొద్దున, స్క్రూడ్రైవరు వెతుక్కుంటూ నాయిన గ్యారేజీలోకి వెళ్ళాడు. ఎంతకీ రాకపోతే నేనూ వెళ్ళాను. నల్లాల ముందు నిలబడి ఉన్నాడు.

"ఏందిరా ఇది?"

"బీరు నాయినా. నేనే కాస్త."

ఏమీ అనలేదు. మూత తియ్యమన్నాడు. తీశాను. ఆయన పంతులు, నేను ఇంజనీరుని. కంట్రోలరు సంగతి, ఫ్యాను సంగతి, గ్యాసు సంగతి అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. మధ్యలో రెండు సందేహాలు కూడా అడిగాడు. తరవాత చెయ్యి లోపలికి పెట్టి, అరచేతిని ఒక కెగ్గు పొట్టమీద ఆనించాడు. లొట్టి ఎంతవరకు నిండిందో చూసేవాళ్ళు అలాగే చూస్తారు. కల్లు ముట్టని మనిషికి ఆ చెయ్యి ఎక్కడిదో నాకర్థమయింది. చిన్నప్పుడు లొట్లు కడిగిన చెయ్యి.

"ఎన్ని దినాలు ఆగుతది?"

"మూడు నెల్లు నాయినా."

"మీ తాత పొద్దుగాల దించిన కల్లు పొద్దుగూకేదాక ఆగకపోయేది. మాపటికే పుల్లగయ్యేది."

అది నిజమే. గెల నుంచి కారేటప్పుడు అది తియ్యటి నీరానే. లొట్టికి లోపల సున్నం పూస్తే అలాగే ఉంటుంది. పూయకపోతే గాల్లో, కుండలో ఉన్న ఈస్టూ, బాక్టీరియా పట్టి కొన్ని గంటల్లోనే కల్లవుతుంది, ఇంకా ఉంచితే పులుపెక్కి చివరికి వెనిగర్ దారి పడుతుంది. మాల్టు, హాప్స్, ఈస్టు విడివిడిగా కొని, లెక్కలేసి నేను రెండు వారాల్లో చేసేదాన్ని తాటిచెట్టు ఒక్కపూటలో చేస్తుంది. అదే మాట ఆయనతో అన్నాను. ఆయన చిన్నగా తలూపి అప్పుడడిగాడు:

"పులిసేదాన్ని ఆపెతందుకు మిషిను పెట్టినవ్, బాగుంది. తాగేటోన్ని ఆపే మిషినేది?"

ఎత్తిపొడుపుగా అనలేదు. బడిలో పిల్లవాడి లెక్క చూసి "ఈ మెట్టు ఏది?" అని అడిగినట్టే అడిగాడు.

ఆ రాత్రి ఆయనే చెప్పాడు, నేనెప్పుడూ వినని సంగతులు. తాత మండువలో లొట్టి బోర్లేస్తే ఆరోజుకి అయిపోయినట్టే. చెట్లు ఎంతిస్తే అంతే. ఆలస్యంగా వచ్చినవాడు తిట్టుకుంటూ వెళ్ళేవాడు తప్ప ఇంకో లొట్టి అడిగేవాడు కాదు, ఉంటేగా! ఉన్నది అందరూ కూర్చుని రేకల్లో పోయించుకుని తాగాల్సిందే, దాచుకుందామంటే పుల్లగవుతుంది. "గట్లని అందరు మంచోళ్ళేం గాదు. మొగోణ్ణి రెక్క వట్టి గుంజుకపోయెటందుకు ఆడోళ్ళు మండువ కాడికి వచ్చెటోళ్ళు. నేను సూసిన," అని కూడా అన్నాడు. మా నాయిన పాతకాలాన్ని బంగారమనే రకం కాదు. పడుకోబోతూ "చెట్టెక్కకుంటనే నల్లాల తెచ్చినవ్ లే," అన్నాడు. అది మెచ్చుకోలో, మరొకటో ఇప్పటికీ నాకు తెలీదు. నేను అడగలేదు.

నేను మాత్రం లెక్క వేశాను. ఒక కెగ్గు అంటే 40 పెద్ద గ్లాసులు. మూడు కెగ్గులు, 120. మా ఆవిడకి బీరు వాసనే పడదు. అంటే మా ఇంట్లో గోడవతల, ఇరవై అడుగుల దూరంలో, ఎప్పుడూ పులవని, ఎప్పుడూ వెచ్చబడని 120 గ్లాసులు ఒక మనిషి కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. ఆ మనిషి ఆఫీసు రిలీజు పని ముగించి రాత్రి ఒంటిగంటకి లేస్తాడు. బయట మంచు. సీసాలైతే ఖాళీవి గట్టుమీద నిలబడి ఎన్ని తాగావో చెబుతాయి. స్టీలు కెగ్గు ఏమీ చెప్పదు. మండువలో లొట్టి మాత్రం నలుగురి మధ్యా ఉంటుంది, అడుగంటితే అందరికీ కనబడుతుంది. మేం ఇంజనీర్లం వేడిని కొలిచాం, ఒత్తిడిని కొలిచాం, తేమని కొలిచాం. పెట్టెలోంచి ఎంత బయటికొచ్చిందో కొలిచేది మాత్రం దాంట్లో ఎక్కడా లేదు, ఎందుకంటే దాన్నెవరూ లోపంగా చూడరు.

దానికీ యంత్రాలున్నాయి. గొట్టంలో ఫ్లోమీటరు పెట్టి ఫోనుకి పంపుకోవచ్చు. కానీ ఆ ఫోను చూసేదీ నేనే కదా. అందుకని ఇద్దరం కలిసి రెండు ఏర్పాట్లు చేశాం. చట్రానికి పైన ఒక పలక తగిలించాం. గ్లాసు పట్టినవాళ్ళు పేరు రాసి గీత పెట్టాలి, నేనైనా సరే. రెండోది, తాగే మనిషి ఇంకొకరుంటేనే నల్లా తిప్పాలి. ఒంటరిగా తిప్పేది లేదు. ఈ రెండింటికీ కరెంటు అక్కర్లేదు. శనివారం సాయంత్రాలు ఆఫీసు స్నేహితులో, పక్కింటి రిటైరైన మెకానిక్కో వస్తారు. ఇంతకుముందు కంటే ఎక్కువమంది వస్తున్నారు, ఎందుకంటే నేనే పిలవాల్సొస్తోంది.

ఇంకో మార్పు నాయిన ఉన్నప్పుడే జరిగింది. మూడో కెగ్గు ఖాళీ అయితే అందులో బీరు నింపలేదు. వడగట్టిన నీళ్ళు పోసి గ్యాసు ఒత్తిడి పెంచితే సోడా అయింది. గ్లాసులో నిమ్మకాయ పిండి, ఉప్పూ చక్కెరా వేసి, పైన నల్లా తిప్పడమే. రోజూ సాయంత్రం నడకనుంచి రాగానే నాయిన తన గ్లాసు తనే పట్టుకునేవాడు. పలక మీద గీత కూడా పెట్టేవాడు, సోడాకి అక్కర్లేదన్నా వినకుండా. వెళ్ళేనాటికి ఆయన పేరు పక్కన గీతలు నా పేరు కంటే మూడింతలున్నాయి.

ఇప్పటికీ మూడో నల్లాయే అందరికంటే ముందు ఖాళీ అవుతుంది. పిల్లలు, మా ఆవిడ, కారు నడుపుకుంటూ ఇంటికి వెళ్ళాల్సినవాళ్ళు దాని దగ్గరే నిలబడతారు. పది రోజులకోసారి నింపాలి. మిగతా రెండూ మెల్లిగా దిగుతున్నాయి. దిగనీ, వాటికి 38 డిగ్రీలుంది, తొందరేం లేదు.